వేరు చివరి తోడు: మాసబ్ ట్యాంక్ మొక్కలూ, నేలలోని శిలీంధ్రాలూ

హైదరాబాద్‌లోని మాసబ్ ట్యాంక్‌లో ఇప్పుడు చెరువు లేదు. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు హయాత్ బక్షీ బేగంను జనం ‘మా సాహెబా’ అనేవారు. ఆమె పేరిట ఏర్పడిన చెరువు పేరే నోళ్లలో నలిగి మాసబ్ ట్యాంక్ అయింది. నీళ్లు పోయి పార్కు, ఫ్లైఓవర్, కాలేజీలు, కార్యాలయాలు వచ్చాయి. ఆ చరిత్రలో ఈ వ్యాసానికి పనికొచ్చేది మట్టి సంగతి. ఇలాంటి చోట రోడ్డు పక్కన గడ్డపార వేస్తే చాలాసార్లు పైకొచ్చేది ఆ నేల సొంత మట్టి కాదు. సెల్లార్ల తవ్వకంలో లోతు నుంచి తీసిన మొరం, ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు. వేప, కానుగ మొక్కల్ని మనం అందులోనే పెట్టి బతకమంటున్నాం.

2015లో హరితహారం మొదలైన నాటి నుంచి తెలంగాణలో మొక్కల లెక్క పెద్ద వ్యవహారమే అయింది. ఎన్ని నాటారు, ఎన్ని బతికాయి, కంచె ఉందా, ట్యాంకర్ వచ్చిందా అని అడుగుతారు. అడగాల్సినవే. అయితే నర్సరీ కవరులోంచి గుంతలోకి దిగేటప్పుడు ఆ మొక్క పీచు వేళ్లలో ఎవరు కాపురం ఉంటున్నారన్న ప్రశ్న ఏ రిజిస్టరులోనూ కనిపించదు. మొక్క బతికి బట్టకట్టడంలో ఆ ప్రశ్నకు నీళ్లంత ప్రాధాన్యం ఉందని నా వాదన.

ఆ కాపురం ఉండేది శిలీంధ్రాలు. ట్రఫుల్స్ అనే తినే శిలీంధ్రాలను సాగుచేసే మార్గం చూడమని ప్రష్యా ప్రభుత్వం పురమాయిస్తే, ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అడవి చెట్ల వేళ్లను పరిశీలించాడు. వేరునూ శిలీంధ్రాన్నీ విడదీసి చూడలేమని గ్రహించి, ఆ జంటకు 1885లో ‘మైకోరైజా’ అని పేరు పెట్టాడు. తెలుగులో శిలీంధ్రమూలం అంటున్నాం. పైన్, సాల వంటి చెట్లలో శిలీంధ్రం వేరు చివర తొడుగులా అల్లుకుంటుంది. మన వీధుల్లో ఉండే వేప, చింత, కానుగల కథ వేరు. వీటిలో అది వేరు కణంలోకి వెళ్లి, కణపు పొరను చీల్చకుండా లోపలికి నెడుతూ, కొమ్మలు కొమ్మలుగా చీలుతుంది. సూక్ష్మదర్శినిలో అచ్చం చిన్న చెట్టులా ఉంటుంది. ఆర్బస్క్యుల్ అన్న లాటిన్ మాటకు అర్థం కూడా చిట్టి చెట్టే. ఇచ్చిపుచ్చుకోవడమంతా అక్కడే. కొద్ది రోజులకు అది కరిగిపోతుంది, పక్క కణంలో ఇంకొకటి మొలుస్తుంది.

ఇచ్చిపుచ్చుకునేవాటిలో ముఖ్యమైనది భాస్వరం. నత్రజనిలా అది నీటితో పరుగెత్తదు, మట్టి రేణువులకు అతుక్కుని కూర్చుంటుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది పీల్చుకున్నాక ఇక ఆకలే. శిలీంధ్రపు తంతువులు ఆ ఖాళీ వలయాన్ని దాటి సెంటీమీటర్ల దూరం పోతాయి. వేరు నూగు దూరలేని సందుల్లోనూ దూరతాయి. ప్రతిఫలంగా మొక్క చక్కెరలు ఇస్తుంది. కొవ్వులు కూడా ఇస్తుందని 2017లో తేలింది. ఈ శిలీంధ్రాలకు కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకునే జన్యువులే లేవు. వేరు లేకుండా గాజు పళ్లెంలో వీటిని పెంచడం అంత కష్టం కావడానికి ఇదో కారణం. స్కాట్లాండ్‌లోని రైనీ శిలల్లో సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లోనూ ఈ చిట్టి చెట్లున్నాయి. నిజమైన వేళ్లు లేని ఆ తొలి మొక్కలకు కూడా ఈ తోడు ఉంది.

మన మాటల్లో ఒక చిక్కుంది. శిలీంధ్రం అనగానే పుట్టగొడుగు గుర్తొస్తుంది. ఆ మాట కట్టినవారి చూపు గొప్పది. పుట్ట మీద లేచే ఆ గొడుగు, చెదలు పుట్ట లోపల పెంచుకునే శిలీంధ్రానిదే. అదీ సహజీవనమే. కానీ వేప వేళ్లలోని శిలీంధ్రం గొడుగు ఎత్తదు. దాని సిద్ధబీజాలు మట్టిలోనే, ఇసుక రేణువుల మధ్య ఉండిపోతాయి. కంటికి కనబడనిది కాబట్టే నర్సరీ లెక్కల్లోకి రాలేదనుకుంటాను.

మళ్లీ మొరం దగ్గరికి వద్దాం. ఈ శిలీంధ్రాలు ఎక్కువగా ఉండేది వేళ్లు అల్లుకున్న పై మట్టిలో. మూడు నాలుగు మీటర్ల లోతు నుంచి తీసిన మొరంలో వేళ్లూ తక్కువ, సిద్ధబీజాలూ తక్కువ. సిమెంటు పెచ్చుల సున్నం ఉన్న కాస్త భాస్వరాన్నీ కట్టిపడేస్తుంది. అంటే తోడు మరీ అవసరమైన చోటే తోడు దొరకదు. నర్సరీలో దీనికి తలకిందుల పరిస్థితి. మొక్క త్వరగా ఎదగాలని భాస్వరం ఉన్న డీఏపీ ఎరువు దండిగా వేస్తారు. భాస్వరం నిండుగా దొరికే మొక్క శిలీంధ్రాన్ని పిలవదు. పిలుపు అన్నది అలంకారానికి వాడిన మాట కాదు. వేరు వదిలే స్ట్రిగోలాక్టోన్ అన్న పదార్థం తగలగానే శిలీంధ్రపు తంతువు కొమ్మలు వేస్తుందని 2005లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. భాస్వరం పెరిగితే ఆ పదార్థం తగ్గుతుంది. కవరులో నవనవలాడిన మొక్క రోడ్డు పక్క గుంతలో వడలిపోవడానికి ఎండ ఒక్కటే కారణం కాకపోవచ్చు.

2021లో తెలంగాణ అంతటా వేపల కొమ్మల చివర్లు మాడినప్పుడు జనం నిజంగా బెంబేలెత్తారు. దాని వెనుక ఉన్న ఫోమోప్సిస్ కూడా శిలీంధ్రమే. కార్బెండజిమ్ వంటి మందులు వాడారు. ఆకుల మీది తెగులుకు మందు వేయడాన్ని నేను తప్పుపట్టను. అదే మందును కుదురులో పోయడం మాత్రం వేరే సంగతి. ప్రయోగాల్లో వేరు శిలీంధ్రాన్ని అణచడానికి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాడిన బెనోమిల్ నేలలో మారేది కార్బెండజిమ్‌గానే.

శిలీంధ్రాన్ని బయటి నుంచి ఇవ్వవచ్చా? ఇవ్వవచ్చు. బెంగళూరులో డి.జె. బాగ్యరాజ్ బృందం ఎన్నో అటవీ మొక్కల మీద ఇది పరీక్షించింది. 1990లో చింత మొక్కలకు వేర్వేరు శిలీంధ్రాలు ఇచ్చి చూస్తే మేలు అన్నిటి నుంచీ ఒకేలా రాలేదు. ఇక్కడ ఉస్మానియాలో సి. మనోహరాచారి దశాబ్దాల పాటు శిలీంధ్రాల మీద, ఈ వేరు శిలీంధ్రాల మీద కూడా పనిచేశారు. మన రైతులకు ఇది ‘వ్యామ్’ పేరుతో పరిచయమే. కానీ ఎక్కడో పెంచిన ఒకటి రెండు రకాల పొట్లం కంటే, ఈ ఎండకూ ఈ నేలకూ అలవాటుపడిన శిలీంధ్రాల గుంపును నేను ఎక్కువ నమ్ముతాను. 2016లో నెదర్లాండ్స్ పరిశోధకులు సాగు మానేసిన పొలాల్లో మంచి గడ్డినేలల, పొదనేలల పై మట్టిని పలచగా చల్లి, ఏ మట్టి చల్లితే ఆ తరహా మొక్కలే పుంజుకున్నాయని నివేదించారు. అయితే చెట్లు నేల కింద ఒకదాన్నొకటి సాకుతాయన్న ప్రచారానికి పోవద్దు. 1997లో సుజాన్ సిమార్డ్ బిర్చ్, ఫిర్ మొక్కల మధ్య కార్బన్ కదలికను చూపిన మాట నిజం. దాని మీద కట్టిన పెద్ద పెద్ద మాటలకు అడవుల్లో దొరికిన రుజువు చాలదని 2023లో జస్టిన్ కార్స్ట్, ఆమె సహచరులు నిలదీశారు. ఇప్పుడు చెప్పబోయే నా ప్రతిపాదనకు ఆ మాటల అవసరం లేదు.

మృగశిర కార్తెకు వేప పండ్లు రాలతాయి. ఆ విత్తనం ఎక్కువ కాలం నిలవదు, వెంటనే వేయాలి. అప్పుడే ఆరోగ్యంగా ఉన్న ముసలి వేప కింద ఆకు తుక్కు పక్కకు తోసి, జానెడు లోతు లోపల పీచు వేళ్లతో సహా మట్టి తీయాలి. తెగులు చెట్టు దగ్గర తీయకూడదు, నులిపురుగులూ వెంట వస్తాయి. కవరు మట్టి మధ్యలో ఒక గుప్పెడు పోసి, దానిపైన విత్తనం పెట్టాలి, మొదటి వేరు అందులోంచే దిగేలా. డీఏపీ ఆపి పశువుల ఎరువు మితంగా వేయాలి. పక్కనే ఈ గుప్పెడు లేని కవర్లూ అన్నే పెట్టాలి, లేకపోతే పోలిక ఉండదు.

ఆరేడు వారాలకు రెండు గుంపుల్లోంచీ కొన్ని మొక్కలు తీసి, పీచు వేళ్లను సెంటీమీటరు ముక్కలు చేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడిచేసి, కడిగి, సిరా కలిపిన వెనిగర్‌లో కొద్ది నిమిషాలు మరిగిస్తే చాలు. 1998 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది, ఏ డిగ్రీ కాలేజీ ల్యాబ్‌కైనా అందుతుంది. మళ్లీ వెనిగర్ కలిపిన నీటిలో కడిగితే వేరు తెల్లబడి, సిరా శిలీంధ్రంలోనే నిలుస్తుంది. స్లైడు మీద నూరు చోట్ల చూసి, ఎన్ని చోట్ల చిట్టి చెట్టు కనబడిందో రాసుకోవాలి. ఆ అంకె వేసిన చీటీ కట్టాకే మిగిలిన మొక్కల్ని మాసబ్ ట్యాంక్ గుంతల్లోకి దించి, రెండు వేసవులు గడిచాక ఏ చీటీ మొక్కలు ఎన్ని నిలిచాయో లెక్కపెట్టాలి.