మీటరు లెక్క, ఇల్లాలి లెక్క

ఇంటి చరిత్ర రాయమంటే చాలామంది పెళ్లిళ్లు, పొలాలు, కట్టిన ఇళ్లు రాస్తారు. నేనైతే కరెంటు బిల్లులు ముందేసుకుంటాను. ఇంట్లో ఎవరు ఎన్నింటికి లేచారో, ఎవరు దేనికి సర్దుకున్నారో వాటిలో కనిపిస్తుంది.

మా అమ్మమ్మకి బిల్లు లేదు గానీ లెక్క ఉండేది. రేషను కిరసనాయిలు నెలాఖరు దాకా రావాలి. పిల్లల చదువు అయ్యేదాకా లాంతరు నట్టింట్లో, ఆ తర్వాతే వంటింట్లోకి. పొద్దుపోయాక గిన్నెలు తోమేది ఒత్తి తగ్గించిన వెలుగులోనే.

పట్నాలకి కరెంటు ముందే వచ్చింది. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే పవర్ హౌస్ 1920లలోనే ఉంది. పల్లెలకి రావడానికి ఇంకో తరం పైనే పట్టింది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక స్తంభాలు ఊళ్లలోకి నడిచాయి. 1988-89లో కుటీర జ్యోతి పథకం వచ్చి పేదవాళ్ల ఇంటికి ఒక్క బల్బు ఇచ్చింది. ఆ ఒక్క బల్బు ఎక్కడ పెట్టాలి? మా ఊళ్లో నేను చూసిన ఇళ్లలో అది వసారాలోనో నట్టింట్లోనో వెలిగేది. వంటింట్లో బుడ్డిదీపమే.

మా అమ్మ కాలానికి మిక్సీ, గ్రైండరు, నీళ్ల మోటారు వచ్చాయి. వాటితో పాటే కోతలూ వచ్చాయి. పొద్దున ఆరింటికి కరెంటు పోతుందంటే అమ్మ నాలుగింటికే లేచి పప్పు రుబ్బి, ట్యాంకు నింపేది. కరెంటు చాలనప్పుడు ఆ లోటు పూడ్చింది ఆడవాళ్ల నిద్ర. అది ఏ బిల్లులోనూ పడలేదు.

తర్వాత ధర మారింది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది, 1999లో బోర్డు విడిపోయింది, 2000లో చార్జీలు బాగా పెరిగాయి. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. కరెంటు బిల్లు ఇంటి గుట్టు కాదని, రాజకీయమని అందరికీ అర్థమైంది అప్పుడే.

ఇప్పుడు మన తలనొప్పి శ్లాబులు. తెలంగాణలో 2022-23 టారిఫ్ చూడండి. 200 యూనిట్లు వాడితే మొదటి వందకి యూనిట్ 3.40, రెండో వందకి 4.80. మొత్తం 820 రూపాయలు. ఇంకొక్క యూనిట్ వాడితే వేరే వర్గంలో పడతాం. మొదటి 200కీ 5.10 చొప్పున 1,020, ఆ ఒక్క యూనిట్‌కి 7.70. అంటే ఒక్క యూనిట్‌కి 207 రూపాయల 70 పైసలు తేడా. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన వాళ్లకి 200 దాకా ఉచితం కావడంతో ఆ గీత ఇంకా ముఖ్యమైంది. నెలాఖరున గీజరు వేయాలా, ఇస్త్రీ ఆపాలా అని మీటరు దగ్గర నిలబడేది మనమే కదా!

ఈ కథలో కొత్త మలుపు డాబా మీది సోలార్ పలకలు. వాటి పుట్టుక మాత్రం పాతదే. 1954లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు సిలికాన్ సోలార్ సెల్‌ని లోకానికి చూపించారు. మొదట దాంతో తిప్పింది ఒక బొమ్మ జెయింట్ వీల్‌ని. అది మధ్యతరగతి డాబా ఎక్కడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకి 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000 దాకా సబ్సిడీ ఇస్తున్నారు. మన ఎండకి ఒక కిలోవాట్ రోజుకి సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. మూడు కిలోవాట్లకి డాబా మీద దాదాపు 300 చదరపు అడుగులు నీడ పడని చోటు కావాలి.

పగలు మిగిలిన కరెంటు లైనులోకి పోతుంది, రాత్రి మనం లైను నుంచి తీసుకుంటాం. నెట్ మీటరు రెండూ లెక్కపెడుతుంది. ఇంతకాలం ఇల్లు తీసుకున్నదే రాసిన మీటరు, మొదటిసారి ఇల్లు ఇచ్చింది కూడా రాస్తోంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

అలాగని అన్నీ తీరిపోవు. బ్యాటరీ లేకపోతే లైను పోగానే మన సోలార్ కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాకు తగలకూడదని అలా అమర్చారు. కాబట్టి ఇన్వర్టర్ అమ్మేసుకోకండి. సున్నా బిల్లు అన్నా స్థిర చార్జీలు ఉంటాయి. పలకల మీద దుమ్ము తుడిచే పని ఎవరిదో ముందే మాట్లాడుకోండి, లేకపోతే అదీ మన నెత్తినే పడుతుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకీ, డాబా అందరిదీ అయిన అపార్ట్‌మెంటు వాళ్లకీ ఈ దారి అంత సులువు కాదు. వాళ్లు మళ్లీ శ్లాబుల దగ్గరే నిలబడతారు. సొంతిల్లు ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. దరఖాస్తు మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్ల పేరునే పెట్టాలి. మా వీధిలో అడిగి చూస్తే చాలా మీటర్లు మామగార్ల పేరునో మొగుళ్ల పేరునో ఉన్నాయి, కొన్ని పోయినవాళ్ల పేర్ల మీదే నడుస్తున్నాయి. మూడు తరాలుగా పొదుపు చేసిన చేతుల పేరు కాగితం మీద లేదు.

ఈ నెల బిల్లు వచ్చినప్పుడు మొత్తంతో పాటు పైన ఉన్న పేరు కూడా చదవండి. మార్చుకోవాల్సి ఉంటే, సోలార్ మాట తర్వాత, ముందు ఆ పని చూసుకోండి.