మూడు కాళ్ల ముక్క – ట్రాన్సిస్టరు పుట్టిన కథ

మన ఊళ్లో ట్రాన్సిస్టరు అంటే రేడియోయే. బల్ల మీద కదలకుండా కూర్చునే చెక్కపెట్టె రేడియో, భుజాన తగిలించుకుని పొలం తీసుకెళ్లేది ట్రాన్సిస్టరు. "ట్రాన్సిస్టరు పెట్టరా, వార్తల టైమయింది" అనేవారు మా నాన్నగారు. లోపలుండే చిన్న ముక్క పేరు పెట్టె మొత్తానికి అంటుకుపోయిందని నాకు ఇంటర్మీడియట్‌కి వెళ్లేదాకా తెలియదు. స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. చాలా ఏళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పినవాణ్ణి కాబట్టి ఆ ముక్క గురించే రాస్తున్నాను. పిల్లలకి చెప్పడానికి సిలబస్‌లో చోటు దొరకని సంగతి ఇందులో ఒకటుంది. ట్రాన్సిస్టరు కనిపెట్టినవాళ్లు నిజానికి వెతికింది వేరొకదాని కోసం.

ముందుగా దాని అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. గాలిలో వచ్చే రేడియో సంకేతం చాలా బలహీనం. దాన్ని స్పీకరు మోగేంత పెద్దది చెయ్యాలి. ఆ పని అప్పట్లో వాల్వులు చేసేవి. బల్బులాంటి గాజుబుడ్డి, గాలి తీసేసిన లోపల ఎర్రగా కాలే తీగ, దాని నుంచి ఎగిరే ఎలక్ట్రాన్లు, మధ్యలో వాటిని ఆపుతూ వదులుతూ ఉండే జల్లెడ. స్విచ్చి వేశాక పాట రావడానికి కాసేపు ఆగాలి, తీగ వేడెక్కాలి కదా. కరెంటు ఎక్కువ తాగుతుంది, కొన్నాళ్లకి మాడిపోతుంది. 1946లో అమెరికాలో ప్రదర్శించిన ఎనియాక్ కంప్యూటరులో ఇలాంటివి సుమారు 18 వేలు. ఏదో ఒకటి మాడుతూనే ఉండేదంటే ఆశ్చర్యమేముంది?

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. "పెద్దది చెయ్యడం" అంటే లేని శక్తిని పుట్టించడం కాదు. కాలవ తూము దగ్గర లస్కరు చక్రం తిప్పుతాడు. అతని చేతి బలం కొద్దిపాటిదే, కదిలే నీళ్లు మాత్రం ఊరికి సరిపడా. ఆ నీళ్లు అతను తెచ్చినవి కావు, పైన ఆనకట్ట నుంచి వచ్చినవి. ట్రాన్సిస్టరు కూడా తూమే. పెద్ద కరెంటు బ్యాటరీది, బలహీనమైన సంకేతం చక్రం తిప్పే చెయ్యి.

న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్ అమెరికా టెలిఫోను కంపెనీ పరిశోధనశాల. వాల్వులతో వాళ్లకి రోజూ తలనొప్పే. వేడి తీగ లేని తూము కావాలి. అందుకు జెర్మేనియం, సిలికాన్ లాంటి అర్ధవాహకాలు పనికొస్తాయని ఆశ. ఇవి రాగిలాగా కరెంటుని ధారాళంగా పోనివ్వవు, గాజులాగా పూర్తిగా ఆపవు. వీటిలో చిటికెడు ఫాస్ఫరస్ లాంటిది కలిపితే కట్టులేని ఎలక్ట్రాన్లు మిగులుతాయి, అది ఎన్-రకం. బోరాన్ లాంటిది కలిపితే ఎలక్ట్రాన్లు ఉండాల్సిన చోట ఖాళీలు మిగులుతాయి, అది పి-రకం. ఆ ఖాళీలకే రంధ్రాలని పేరు. ఖాళీ ఎలా కదులుతుందని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు. మన స్కూలు బెంచీనే గుర్తు తెచ్చుకోండి. మొదటివాడు రాలేదు, రెండోవాడు ఆ చోటికి జరిగాడు, మూడోవాడు రెండో చోటికి. పిల్లలు ముందుకు జరిగారు, ఖాళీ చోటు చివరికి వెళ్లింది.

1945లో అక్కడి బృందనాయకుడు విలియం షాక్లీ ఆలోచన చాలా సూటిగా ఉంది. పల్చటి సిలికాన్ పొర దగ్గర ఒక లోహపు పలక పెట్టి, పలకకి విద్యుదావేశం ఇస్తే, ఆ ప్రభావంతో పొరలో ఎలక్ట్రాన్లు పెరగడమో తగ్గడమో జరగాలి. తాకకుండానే తూము తిప్పడమన్నమాట. ఇలాంటి ఊహకే 1920లలో లిలియన్‌ఫెల్డ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. లెక్కల ప్రకారం పని చెయ్యాలి. చెయ్యలేదు. ఎన్నిసార్లు చూసినా కొలతకి ఏమీ అందలేదు.

ఎందుకు చెయ్యలేదో చెప్పినవాడు జాన్ బార్డీన్. మాటలు తక్కువ మనిషి. స్ఫటికం లోపల ప్రతి అణువుకీ చుట్టూ పొరుగువాళ్లున్నారు, అంచున ఉన్న అణువుకి ఒక పక్క ఎవరూ లేరు. ఆ తెగిన బంధాల దగ్గర ఎలక్ట్రాన్లు చిక్కుకుపోయి ఒక తెరలా ఏర్పడుతున్నాయనీ, బయటి పలక ప్రభావం ఆ తెర దాటి లోపలికి వెళ్లడం లేదనీ ఆయన వివరణ. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే. ఆ తర్వాత బృందం పరికరం చెయ్యడం పక్కన పెట్టి, అది ఎందుకు పని చెయ్యలేదన్న దాని మీద పడింది.

వాల్టర్ బ్రటైన్ చేతిపనిలో నేర్పరి. 1947 నవంబరు, డిసెంబరు నెలల్లో ఆయన, బార్డీన్ పక్కపక్కనే కూర్చుని ఆ ఉపరితలాన్ని రకరకాలుగా పరీక్షించారు. ఒకసారి జెర్మేనియం మీద ఆక్సైడు పొర ఉందనుకుని ప్రయోగం చేస్తే, అది అంతకుముందు కడిగినప్పుడే పోయిందని తేలింది. పోతేపోయింది గానీ, లోహం నేరుగా జెర్మేనియాన్ని తాకడంతో అనుకోని ఫలితం కనబడింది. దాన్ని పట్టుకుని వెళ్లారు. బ్రటైన్ ఒక ప్లాస్టిక్ త్రికోణం అంచుకి బంగారు రేకు చుట్టి, కొసన బ్లేడుతో సన్నగా కోశాడు. వెంట్రుక మందమంత ఎడంలో రెండు బంగారు మొనలు తయారయ్యాయి. స్ప్రింగుతో దాన్ని జెర్మేనియం ముక్క మీద అదిమిపెట్టారు. డిసెంబరు 16న ఒక మొన దగ్గర ఇచ్చిన చిన్న సంకేతం రెండో మొన దగ్గర పెద్దదై వచ్చింది. 23న పైఅధికారులకి చూపించారు, మాట పెద్దదై వినిపించింది. ఆ పరికరం ఫొటో చూస్తే ఎనిమిదో తరగతి సైన్సు ఫేరులో పెట్టినదాన్లా ఉంటుంది.

షాక్లీకి సంతోషమూ కలిగింది, కడుపుమంటా కలిగింది. నాయకుడు తానే, కానీ ఆ సమయానికి తన చెయ్యి అందులో లేదు. తన పాత ఊహ ఆధారంగా పేటెంటు తీసుకుందామంటే లిలియన్‌ఫెల్డ్ పేటెంటు అడ్డొచ్చింది. చివరికి ఆ పేటెంటు బార్డీన్, బ్రటైన్ పేర్ల మీదే వెళ్లింది. ఆ ఉక్రోషంతో షాక్లీ షికాగోలో ఒక హోటల్ గదిలో కూర్చుని కొత్త సంవత్సరం రోజుల్లో పేజీలకి పేజీలు రాశాడు. 1948 జనవరి 23న జంక్షన్ ట్రాన్సిస్టరు ఆలోచన పూర్తి రూపానికి వచ్చింది. అసూయ మంచిదని చెప్పను గానీ, మనం పుస్తకంలో చదువుకున్నది ఆ హోటల్ గదిలో మొదలైన ట్రాన్సిస్టరే.

అది మూడు పొరల శాండ్‌విచ్. ఎన్, మధ్యలో పి, మళ్లీ ఎన్. పేర్లు ఎమిటర్, బేస్, కలెక్టర్. (కలెక్టరు గారంటే ఇక్కడ వచ్చినవన్నీ వసూలు చేసుకునేవాడే, ఆ మాటకొస్తే జిల్లా కలెక్టరుకీ ఆ పేరు శిస్తు వసూలు వల్లే వచ్చింది.) కిటుకంతా మధ్య పొరలో ఉంది. అది చాలా పల్చన, అందులో రంధ్రాలు కొద్దిగానే ఉంటాయి. ఎమిటర్ నుంచి బయల్దేరిన ఎలక్ట్రాన్లలో వందకి ఒకటో రెండో అక్కడ రంధ్రంలో పడతాయి, మిగతావి దాటి కలెక్టర్ చేరతాయి. పడినవాటి వల్ల రంధ్రాలు తరిగి, బేస్‌లో రుణావేశం పేరుకుంటే వెనకొచ్చే ఎలక్ట్రాన్లకి దారి మూసుకుపోతుంది. కాబట్టి బేస్‌కి బయటినుంచి కొద్దిపాటి కరెంటు ఇచ్చి ఆ లోటు పూడుస్తూ ఉండాలి. ఆ కొద్దిపాటి కరెంటు ఆడినట్టల్లా దానికి వంద రెట్లు అవతల ఆడుతుంది. తూము చక్రం అదే.

1948 జూన్ 30న విలేకరులకి ప్రకటించారు. మర్నాడు న్యూయార్క్ టైమ్స్ రేడియో కబుర్ల శీర్షికలో 46వ పేజీలో నాలుగు మాటలు వేసి ఊరుకుంది. పేరు పెట్టింది సహోద్యోగి జాన్ పియర్స్. ముగ్గురికీ 1956లో నోబెల్ వచ్చింది, కానీ అప్పటికే ముగ్గురూ మూడు దారులు. బార్డీన్ 1951లోనే బెల్ ల్యాబ్స్ వదిలి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, 1972లో అతివాహకత్వం మీద రెండో నోబెల్ తెచ్చుకున్నాడు. ఫిజిక్సులో రెండుసార్లు తీసుకున్నది ఆయనొక్కడే. షాక్లీ కాలిఫోర్నియాలో సొంత సంస్థ పెట్టాడు, 1957లో ఎనిమిదిమంది ఆయనతో వేగలేక బయటికొచ్చి ఫెయిర్‌చైల్డ్ మొదలుపెట్టారు. సిలికాన్ వ్యాలీ అక్కణ్ణుంచి పెరిగింది.

1954లో నాలుగు ట్రాన్సిస్టర్లతో రీజెన్సీ అనే జేబు రేడియో వచ్చింది. బెల్ లైసెన్సుతో తయారీ నేర్చుకున్న జపాన్ కంపెనీ, తర్వాత సోనీగా పేరు మార్చుకున్నది, మరుసటి ఏడాది తనదీ అమ్మకానికి పెట్టింది. కరెంటు లేని మన పల్లెల్లో టార్చిలైటు సెల్లులతో పాట వినబడిందంటే కారణం ఇదే. వేడెక్కాల్సిన తీగ లేదు కాబట్టి సెల్లులు నెలల తరబడి వచ్చేవి.

మరి షాక్లీ 1945లో చేసి ఓడిపోయిన ఊహ ఏమైంది? 1959లో అదే బెల్ ల్యాబ్స్‌లో అటల్లా, కాంగ్ అనే ఇద్దరు దాన్ని నడిపించారు. సిలికాన్‌ని శుభ్రంగా వేడి చేసి దాని మీదే ఆక్సైడు పొర పెంచితే, తెగిన బంధాలు చాలావరకు ఆక్సిజన్‌తో కట్టుకుంటాయి, బార్డీన్ చెప్పిన తెర పల్చబడుతుంది. దాని మీద లోహం. ఇప్పుడు తాకకుండానే తూము తిరుగుతోంది. 1971లో ఇంటెల్ మొదటి మైక్రోప్రాసెసరులో ఈ రకానివి 2,300. నేటి ఫోను చిప్పులో వందల కోట్లు, అన్నీ ఆ ఓడిపోయిన ఊహ జాతివే. నేను క్లాసులో ఏళ్లపాటు ఎక్కువసేపు బోర్డు మీద గీసింది మాత్రం రెండోదాన్నే, సిలబస్ అలా ఉండేది.

ఎవరింట్లోనైనా అటక మీద పాత ట్రాన్సిస్టరు ఉంటే సెల్లులు తీసేసి వెనక మూత విప్పి చూడండి. మూడు కాళ్ల మీద నిలబడ్డ చిన్న టోపీల్లాంటివి కనిపిస్తాయి. వాటి మీద ఏసీ 128 లాంటి అంకె ఉంటే మొదటి అక్షరం ఏ కాబట్టి జెర్మేనియం, బీసీ అని మొదలైతే సిలికాన్. రెండో అక్షరం సీ అంటే ధ్వని స్థాయి సంకేతాల కోసం చేసినదని. రెండు రకాలూ ఒకే పెట్టెలో దొరికితే, ఆ రేడియో ఒకటి పోయి ఇంకొకటి వస్తున్న రోజుల్లో తయారై ఉండొచ్చు, లేదా ఊళ్లో రిపేరు షాపతను తన దగ్గరున్నది వేసి ఉండొచ్చు.