టోపీ పోయింది, బూట్లు పోయాయి

1998. కాలిఫోర్నియా, పాయింట్ రిచ్మండ్. పిక్సార్ స్టూడియోలో ఒక గది. స్క్రీన్ ముందు ఇద్దరు: ఓరెన్ జాకబ్, లారీ కట్లర్. అక్కడ తయారవుతున్న యానిమేషన్ సినిమా 'టాయ్ స్టోరీ 2' హీరో వుడీ టోపీకి ఏదో చిన్న సవరణ చేయాలి. ఆ కౌబాయ్ బొమ్మ ఫైళ్ళున్న డైరెక్టరీ తెరిచారు. నలభై దాకా ఉన్నాయి. ఇంకోసారి చూశారు.

నాలుగే ఉన్నాయి.

టోపీ పోయింది. బూట్లు పోయాయి. ఆఖరికి వుడీయే లేడు. ఆ వెనకే మిగతా బొమ్మలు: పొటాటో హెడ్, హ్యామ్, రెక్స్. బొమ్మలతో ఆగలేదు, సీన్లకు సీన్లే మాయమైపోతున్నాయి. జాకబ్ ఫోన్ అందుకుని మెషిన్ రూమ్‌కి కొట్టాడు. మెయిన్ మెషిన్ ప్లగ్ పీకెయ్యమన్నాడు. ఎందుకని అడిగాడు అవతలివాడు, న్యాయంగానే. జాకబ్ ఇంకా గట్టిగా అరిచాడు.

అప్పటికే ఎక్కడో ఎవరి వేళ్ళో ఒక కమాండ్ కొట్టేశాయి: ఆర్‌ఎమ్, మైనస్ ఆర్, మైనస్ ఎఫ్, చివర్లో ఒక స్టార్ గుర్తు. ఫైళ్ళు చెరిపేది ఆర్‌ఎమ్. కానీ ఎంటర్ నొక్కగానే ఆ స్టార్ వెళ్ళేది దాని దగ్గరికి కాదు, కమాండ్లను ముందుగా చదివే షెల్ అనే ప్రోగ్రామ్ దగ్గరికి. షెల్ డైరెక్టరీలో తొంగి చూసి, చుక్కతో మొదలయ్యేవి వదిలేసి, మిగిలిన పేర్లన్నీ వరసగా పోగేసి, స్టార్‌ని తీసేసి ఆ చోట వాటిని పేర్చి, అప్పుడుగానీ ఆర్‌ఎమ్‌ని లేపదు. లేచిన ఆర్‌ఎమ్‌కి కనబడేది ఎవరో ఓపిగ్గా ఒక్కో పేరూ టైపు చేసినట్టున్న పొడుగాటి చిట్టా మాత్రమే. అక్కడొక స్టార్ ఉండేదన్న సంగతే దానికి తెలీదు. 1970ల తొలినాళ్ళ ఆపరేటింగ్ సిస్టమ్ యూనిక్స్‌లో స్టార్‌ని ఇలా పేర్లుగా విప్పే పనికి 'గ్లాబ్' అని విడిగా ఒక ప్రోగ్రామే ఉండేది. తర్వాత ఆ పని షెల్‌లోనే కలిసిపోయింది. పాత పర్సనల్ కంప్యూటర్లలోని డాస్ తీరు వేరు. అక్కడ స్టార్ విప్పకుండానే చెరిపే కమాండ్ 'డెల్' చేతికొస్తుంది, అందుకే అన్నీ చెరపమంటే నిజంగానా అని ఒక్కసారైనా అడుగుతుంది. ఆర్‌ఎమ్‌ని తిట్టి లాభం లేదు, అనుమానపడడానికి దాని ఎదుట స్టార్ లేదు. పైగా మైనస్ ఎఫ్ అంటే నోరెత్తకు అని. మైనస్ ఆర్ అంటే ప్రతి డైరెక్టరీలోకీ అడుగు దాకా దిగమని.

దిగింది.

ప్లగ్ పీకేసరికి సినిమాలో 90 శాతం పోయింది. బ్యాకప్ ఉందిగా అనుకున్నారు. తీసి చూస్తే అది సరిగ్గా పనిచేయడమే లేదు. ఏం చేయాలో తోచక అందరూ మీటింగ్‌లో కూర్చున్నారు. అప్పుడు గేలిన్ సుస్మన్‌కి ఒక విషయం తట్టింది.

ఆమె సూపర్వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్. బిడ్డ పుట్టాక ఇంటి నుంచే పని చేసుకునే వీలు కోసం సినిమా మొత్తం తన ఇంటి కంప్యూటర్‌కి కాపీ అయ్యేలా పెట్టుకుంది. ఉంటే గింటే అక్కడే ఉండాలి.

జాకబ్, సుస్మన్ వోల్వో కారు ఎక్కారు. ఆమె ఇంట్లోంచి కంప్యూటర్‌ని దుప్పట్లలో చుట్టి తెచ్చారు. వెనక సీట్లో పెట్టి సీటు బెల్టులు బిగించారు. మెల్లగా, మహా మెల్లగా నడుపుకుంటూ స్టూడియోకి చేరితే, పార్కింగ్‌లో తోటివాళ్ళు ప్లైవుడ్ పలకతో సిద్ధంగా ఉన్నారు. దానిమీద పెట్టి పల్లకీలా మోసుకెళ్ళారు. ఆన్ చేశారు.

సినిమా ఉంది. కాకపోతే కాస్త పాతది. ఏ ఫైలు ఏ వెర్షనో తేల్చడం మొదలైంది. కంప్యూటర్లు సరిపోల్చగలిగినవి పోను, ఇంకో 30 వేల దాకా మిగిలాయి. వాటిని మనుషులే, రాత్రీ పగలూ, ఒక్కొక్కటిగా తెరిచి చూశారు.

ఇంత కష్టపడి దక్కించుకున్న సినిమా కొన్నాళ్ళకే వాళ్ళకే నచ్చలేదు. కథను దాదాపు మొదటినుంచీ తిరగరాసి, నెలల వ్యవధిలో మళ్ళీ తీశారు. 1999 నవంబరులో థియేటర్లకొచ్చింది. ఆ స్టార్ కొట్టిందెవరో కనిపెట్టే పని మాత్రం స్టూడియో పెట్టుకోలేదు.