భుజాన ఎర్రమచ్చ

జామచెట్టు మీద వాలి దోరకాయ కొరికేది చాలావరకు రామచిలుకే. తోకతో కలిపి 40 సెంటీమీటర్లుంటుంది. దానికి దగ్గరి చుట్టం పెద్ద చిలుక 60 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ముక్కూ బాగా లావు. రెండింట్లోనూ ఎదిగిన మగదానికే మెడచుట్టూ నలుపు, గులాబీ పట్టీ వస్తుంది. అందుకే పట్టీని నమ్ముకుంటే పొరపడతాం, రెక్క భుజం చూడాలి. పెద్ద చిలుకకు అక్కడ ముదురెరుపు మచ్చ ఉంటుంది, ఆడదానికి కూడా. రామచిలుకకు ఉండదు.

పెద్దదాన్ని ఇంగ్లిష్‌లో అలెగ్జాండ్రిన్ అంటారు. క్రీ.పూ. 326లో పంజాబ్ దాకా వచ్చిన అలెగ్జాండర్ ఇక్కడి చిలుకల్ని పడమటి దేశాలకు పంపాడని చెప్పుకుంటారు. తర్వాత రోమన్లకూ వీటి మోజు పట్టుకుంది. ఒళ్లంతా పచ్చగా, మెడకు ఎర్రపట్టీతో ఉండే ఈ పక్షి భారతదేశం నుంచి వస్తుందని క్రీ.శ. ఒకటో శతాబ్దంలో ప్లినీ రాశాడు. దాని తల ముక్కంత గట్టిదట, మాటలు నేర్పేటప్పుడు ఇనుప కడ్డీతో తలమీద కొట్టేవారట! ఇన్ని శతాబ్దాల తర్వాత చదివినా ప్రాణం ఉసూరుమంటుంది. ఆయన వర్ణన మన రెండు చిలుకలకూ సరిపోతుంది. వాటికి వేర్వేరు శాస్త్రీయ నామాలు 18వ శతాబ్దంలో గానీ రాలేదు. పెద్దదానికి 1766లో లిన్నేయస్, రామచిలుకకు 1769లో స్కోపోలి పేర్లు పెట్టారు.

రామచిలుక ఎక్కడైనా బతకనేర్చింది. మన దగ్గరే కాదు, సహారాకు దిగువన ఆఫ్రికాలోనూ అది సహజంగా ఉంది. పంజరాల నుంచి బయటపడ్డ వాటి సంతతి ఇవాళ లండన్ పార్కుల్లో వేలల్లో ఎగురుతోంది. చెట్టు తొర్ర దొరక్కపోతే గోడ కంతలోనైనా గుడ్లు పెడుతుంది. పెద్ద చిలుకకు మాత్రం ఎక్కువగా ముదురు చెట్ల తొర్రలే ఆధారం. ఆ చెట్లు నరికేస్తున్నారు. మిగిలిన తొర్రల్లో చెయ్యిపెట్టి, రెక్కలు రాని పిల్లల్ని ఎత్తుకెళ్లి అమ్ముతున్నారు. అందుకే అంతర్జాతీయ జాబితాలో అది ముప్పు అంచుకు చేరిన పక్షి.

రామచిలుక 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ రెండింటిలో దేన్ని పట్టినా, అమ్మినా, ఇంట్లో పంజరంలో పెట్టినా నేరమే. పిల్లలు ముచ్చటపడ్డారని చిలుకను కొనకండి. అమ్ముతున్నవాళ్లు కనిపిస్తే అటవీశాఖకు చెప్పండి.