చేవ్రాలు ప్రక్కన చిన్న అక్షరములు

పాత దస్తావేజును చదువువారు విషయమంతయు శ్రద్ధగా చదివి, చివర చేవ్రాలు ప్రక్కనున్న రెండు మూడు పొడి అక్షరములను విడిచిపెట్టుట కలదు. కాని ఆ కాగితము అసలా, నకలా? దానిని ఒప్పుకొన్నవారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము తరచు ఆ అక్షరములలోనే యుండును.

ఇంగ్లండు దేశపు పాత పత్రములలో పేరు ప్రక్కన 'ఎల్. ఎస్.' అని కనబడును. ఇవి ఎవరో సాక్షి పేరులోని అక్షరములని భ్రమపడరాదు. 'ముద్ర యుండు చోటు' అను అర్థముగల 'లోకస్ సిజిల్లై' అను లాటిన్ మాటలకు ఇది సంక్షేపము. మధ్యయుగములలో ఆ దేశమున దస్తావేజు చెల్లుటకు సంతకముకంటె మైనపు ముద్రయే ముఖ్యము. నకలు వ్రాయు గుమాస్తా ముద్రను దింపలేడు గదా! అందుచే ముద్ర యున్నచోట ఈ అక్షరములను వ్రాసెడివాడు. కావున ఇవి కనబడినచో ఆ కాగితము నకలై యుండవచ్చును. అయితే తరువాతి కాలమున ముద్రకు బదులుగా అసలు పత్రములపైననే వీనిని అచ్చువేయుట కూడ జరిగినది. అందువలన ఈ ఒక్క గుర్తునుబట్టి తీర్మానింపరాదు. పత్రములోని వ్రాతయు, సంతకములన్నియు ఒకే చేతివైనచో అది నకలనుటకు బలమైన ఆధారము. వ్యక్తులు వ్రాయు దస్తావేజులకు ముద్ర అవసరము లేదని అక్కడ 1989లో చట్టము చేసిరి.

మన దేశపు నకళ్లలో ఈ పనిని 'ఎస్‌డి.' అను అక్షరములు చేయును. 'సంతకము చేయబడినది' అని దీని భావము. అసలులో సంతకము కలదని మాత్రమే ఇది తెలుపును.

వ్రాయలేనివారు గీత గాని, అడ్డగుర్తు గాని పెట్టెడివారు. దీనినే తెలుగువారు నిశాని యందురు. నిశాని పెట్టినవారందరు నిరక్షరాస్యులని తలచరాదు. రోగపీడితులై కలము పట్టలేనివారును అట్లే చేసిరి. అయితే గీతను ఎవరైనను గీయవచ్చును. గీసినవాడు తనది కాదనినచో రుజువేమి?

ఈ చిక్కునకు దారి బెంగాలులో దొరకినది. 1858లో జంగీపూరున విలియం హెర్షెల్ అను అధికారి, రాజ్యధర్ కోనాయి అను గుత్తదారుచే ఒప్పందముపై అరచేతి ముద్ర వేయించెను. మాట తప్పకుండుటకై భయపెట్టుటే అప్పటి ఉద్దేశము. క్రమముగా వ్రేళ్ల రేఖలు ఏండ్లు గడచినను మారవని ఆయన గ్రహించి, 1877లో హుగ్లీలో దస్తావేజుల రిజిస్ట్రేషనునందు వ్రేలిముద్రలను ప్రవేశపెట్టెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. ముద్రలను వర్గీకరించు పద్ధతిని రూపొందించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు ముఖ్యులు.

పాత క్రయపత్రములలోని 'ఎల్. టి. ఐ.' అను అక్షరములకు 'ఎడమ బొటనవ్రేలి ముద్ర' అని అర్థము. ఆ ముద్ర చెరగకున్నచో, భూమి నమ్మినది తానా కాదా అను వివాదము నేడును తేలవచ్చును. పేరు వ్రాయలేని రైతునకు అదియే తిరుగులేని సాక్ష్యము.