మూడడుగుల దారి

మూడడుగులు అనగానే తెలుగువారికి వామనుడు అడిగిన నేల స్ఫురిస్తుంది. ఈ వ్యాసంలో ప్రస్తావించబోయే మూడడుగులు వేరు. ఇవి రెండు రైలు పట్టాల నడుమ ఉన్న ఎడం. విమానాలకూ విశాలమైన రహదారులకూ అలవాటుపడిన మనకు, ఈ అమెరికా దేశాన్ని ఒకప్పుడు ఒక్క తాటిమీదికి తెచ్చినది రైలు అన్న సంగతి తరచుగా గుర్తుకు రాదు. అందులోనూ మహానగరాలను కలిపిన పెద్ద రైళ్ల చరిత్ర పుస్తకాలకెక్కింది గాని, గనులకూ అడవులకూ కొండపల్లెలకూ నడిచిన చిన్న రైళ్ల చరిత్ర కొందరికే పరిచయం. ఆ చరిత్రను మన శ్రీకాకుళం సీమలోని ఒక చిన్న రైలుదారి పక్కన ఉంచి చూస్తే, రెండూ మరింత బాగా బోధపడతాయి.

రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరాన్ని గేజ్ అంటారు. అమెరికాలో ప్రధాన మార్గాలన్నిటికీ అది నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు, అంటే 1435 మి.మీ. దీనికి స్టాండర్డ్ గేజ్ అని పేరు. భారతదేశపు బ్రాడ్ గేజ్ ఇంతకంటె వెడల్పు, 1676 మి.మీ. స్టాండర్డ్ కంటె ఇరుకైనవాటిని నారో గేజ్ అని వ్యవహరిస్తారు. మన దేశంలో మాత్రం 1000 మి.మీ. దారిని మీటర్ గేజ్ అని వేరుగా పిలిచి, 762, 610 మి.మీ. దారులకే నారో గేజ్ అన్న పేరు ఉంచారు. ఇక లైట్ రైల్వే అన్నది పట్టాల ఎడానికి కాక వాటి బరువుకూ, బండి వేగానికీ, పెట్టుబడికీ సంబంధించిన మాట. రాకపోకలు తక్కువగా ఉన్న ప్రాంతాలకు తేలికైన పట్టాలతో, నిరాడంబరమైన స్టేషన్లతో, తక్కువ ఖర్చుతో వేసే దారి అది. బ్రిటన్ 1896లో ఇటువంటి దారులకోసం ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది.

ఎడం తగ్గితే ఏమి లాభమని మీరు అడగవచ్చు. దారి ఎంత ఇరుకైతే మలుపు అంత బిగువుగా తిప్పవచ్చు. వెడల్పు దారికి కొండను తొలిచి సొరంగం వేయవలసిన చోట, ఇరుకు దారి కొండ నడుముచుట్టూ తిరిగి పోగలదు. పేల్చవలసిన రాయి తక్కువ, పూడ్చవలసిన లోయ తక్కువ, వంతెన చిన్నది, ఇంజను తేలికది. ఈ లెక్కను ప్రపంచానికి రుజువు చేసినది వేల్స్ దేశంలోని ఫెస్టినియోగ్ రైల్వే. పలకరాయి గనులనుండి రేవుకు నడిచే ఆ దారి వెడల్పు రెండడుగులకు కొద్దిగా తక్కువ. 1870లో అక్కడ ఫెయిర్లీ అనే ఇంజనీరు రూపొందించిన ఆవిరి యంత్రాన్ని పరీక్షించినప్పుడు, అనేక దేశాల నిపుణులు వెళ్లి చూశారు.

అదే 1870లో జనరల్ విలియం జాక్సన్ పామర్ డెన్వర్ అండ్ రియో గ్రాండ్ రైల్వేను స్థాపించాడు. రాకీ పర్వతాలను దాటాలంటే మూడడుగుల దారే తగినదని నిశ్చయించి, 1871లో డెన్వర్‌నుండి కొలరాడో స్ప్రింగ్స్‌వరకు బండి నడిపాడు. మెక్సికోదాకా పోవాలన్నది అతని తొలి సంకల్పం. అయితే వెండిగనులు ఆ దారిని పడమటి కొండలవైపు తిప్పాయి. 1881లో రైలు డురాంగోకు చేరింది. మరుసటి ఏడాది, 1882లో, 45 మైళ్ల దూరం ఆనిమస్ నది లోయవెంట, కొన్ని చోట్ల నదికి వందల అడుగుల ఎత్తున కొండచరియను చెక్కి వేసిన దారిన సిల్వర్టన్ చేరింది. ఇక్కడ ఒక విషయాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఆ వెండికొండలు యూట్ జాతివారివి. 1873 ఒడంబడికతో శాన్ హ్వాన్ పర్వతాలు వారి చేజారాయి. రైలు డురాంగోకు వచ్చిన 1881లోనే కొలరాడో పడమటి భాగంలోని యూట్‌లలో అనేకులను యూటా ప్రాంతానికి తరలించారు. రైలు ఒకరికి తెచ్చిన దారి మరొకరికి ఊరువిడిచే దారి అయింది.

పామర్ విజయాన్ని చూసి దేశమంతటా ఇరుకు దారుల మోజు పెరిగింది. 1872లో సెయింట్ లూయిస్‌లో నారో గేజ్ సమర్థకులు ఒక మహాసభనే జరిపారు. 1880వ దశకం నడుమకు అమెరికాలో ఇరుకు దారుల నిడివి 11 వేల మైళ్లు దాటింది. మెయిన్ రాష్ట్రంలో రెండడుగుల దారులు కూడా వెలిశాయి. అక్కడి శాండీ రివర్ రైల్వే 1879లో ఫార్మింగ్టన్‌నుండి ఫిలిప్స్‌వరకు 18 మైళ్లు నడిచి, అడవి కలపను బయటి లోకానికి చేర్చింది. కొలరాడోలో జార్జిటౌన్, సిల్వర్ ప్లూమ్ ఊళ్ల మధ్య దూరం రెండు మైళ్లే అయినా, నిట్టనిలువు లోయలో బండి ఎక్కలేదు గనుక, దారిని నాలుగున్నర మైళ్లకు సాగదీసి, దానిమీదుగానే అది దాటేటట్లు ఎత్తైన వంతెన కట్టి, 1884లో చుట్టుదారి నిర్మించారు.

ఇంత వేగంగా పెరిగిన దారులు అంతే వేగంగా ఎందుకు తరిగిపోయాయి? వాటి వేగం తక్కువ కావడం అసలు కారణం కాదు. చిక్కంతా కూడలిలో ఉంది. ఇరుకు దారి ఎక్కడో ఒకచోట వెడల్పు దారిని కలవాలి. అక్కడ బండిలోని సరుకంతా దింపి మరో బండిలోకి ఎత్తాలి. కూలి, కాలం, నష్టం, అన్నీ అక్కడే. కట్టడంలో మిగిల్చిన సొమ్ము కూడలిలో ఏటేటా కరిగిపోయేది. దేశమంతా ఒకే గేజ్‌కు మారుతున్నకొద్దీ ఈ భారం మరింత పెరిగింది. దక్షిణ రాష్ట్రాలలో ఐదడుగుల వెడల్పున ఉన్న 11 వేల మైళ్లకు పైబడిన దారిని 1886 మే 31, జూన్ 1 తేదీలలో, రెండు రోజులలో, ఒక పట్టాను మూడంగుళాలు లోపలికి జరిపి మార్చివేశారు. వెడల్పు దారిని అలా సవరించడం సాధ్యమైంది. బిగువు మలుపులతో కొండనంటి పోయే మూడడుగుల దారిని వెడల్పు చేయాలంటే మాత్రం కొండనే మళ్లీ తవ్వాలి.

పెన్సిల్వేనియాలోని ఈస్ట్ బ్రాడ్ టాప్ రైల్వే ఈ చిక్కుకు ఒక ఉపాయం కనిపెట్టింది. బొగ్గుగనులకోసం 1870వ దశకం తొలినాళ్లలో వేసిన ఈ మూడడుగుల దారి, మౌంట్ యూనియన్‌లో పెద్ద రైలును కలిసేది. అక్కడ క్రేనుతో పెద్ద వ్యాగన్‌ను పైకెత్తి, దాని వెడల్పు చక్రాలను తొలగించి, ఇరుకు చక్రాలు అమర్చి, సరుకు దింపకుండానే తమ దారిన తీసుకుపోయేవారు. ఆ ఉపాయం ఆ రైలుకు కొంత ఆయుస్సు పోసింది గాని, బొగ్గుకు గిరాకీ పడిపోయాక 1956లో అదీ మూతపడింది.

కొలరాడోలో కథ మరోలా నడిచింది. రియో గ్రాండ్ సంస్థ తన ప్రధాన మార్గాన్ని 1890లో స్టాండర్డ్ గేజ్‌కు మార్చుకుంది. 1893లో వెండి కొనుగోలు చట్టం రద్దుకాగా వెండి ధర కూలి, గనులు మూతపడ్డాయి. శాన్ హ్వాన్ కొండలలోని దారులను వెడల్పు చేయడానికి తగిన రాబడి లేక, అలాగే వదిలివేశారు. ఇక్కడే ఒక విచిత్రం ఉంది. సంపన్నమైన మార్గాలు మారిపోయి పాత రూపాన్ని పోగొట్టుకున్నాయి. పేదదారి మాత్రం పేదరికంవల్లనే యథాతథంగా నిలిచింది.

ఆ దారిన బండి నడపడం ఎంతటి పనో ఒక్కమాటు ఊహించండి. న్యూ మెక్సికోలోని చామానుండి 10,015 అడుగుల ఎత్తున ఉన్న కంబ్రెస్ కనుమకు ఎక్కే దారి, ప్రతి వంద అడుగులకూ నాలుగడుగులు పైకి పోతుంది. సాధారణ రైలుదారిలో ఇందులో సగం ఎక్కుడే కష్టమనిపిస్తుంది. 1925లో బాల్డ్విన్ కర్మాగారం చేసిన కె-36 ఇంజన్లు పది ఇక్కడ పనిచేశాయి. బరువైన బండికి రెండు ఇంజన్లు కట్టేవారు. అప్పటికీ లాగలేకపోతే బండిని ముక్కలుగా విడదీసి పైకి చేర్చేవారు. ఫైర్‌మన్ టన్నుల కొద్దీ బొగ్గును పారతో ఎత్తి పొయ్యిలో సమంగా పరవాలి. చక్రాలు జారితే పట్టాలమీద ఇసుక వదలాలి. ఎక్కడంకంటె దిగడం ప్రమాదకరం. దిగేముందు ప్రతి పెట్టెకూ ఉన్న చిన్న కవాటాన్ని చేతితో తిప్పి, బ్రేకులు పూర్తిగా వదలిపోకుండా ఉంచాలి. చలికాలంలో తిరుగుడు చక్రపు యంత్రంతో మంచును చీల్చి దారి తీయాలి. ఇదంతా పుస్తకం చదివి పట్టుబడే విద్య కాదు. పెద్దవాడి పక్కన నిలబడి, చెవితో ఆవిరి చప్పుడును, కాలితో బండి కుదుపును గుర్తుపట్టి నేర్వవలసినది.

1960వ దశకం చివరకు సరుకు రవాణా ఆగి, ఈ దారిని పీకివేయడానికి అనుమతి వచ్చింది. అప్పుడు కొలరాడో, న్యూ మెక్సికో రాష్ట్రాలు కలిసి 1970లో ఆంటొనీటోనుండి చామావరకు 64 మైళ్ల దారిని ఇంజన్లతో, పెట్టెలతో సహా కొన్నాయి. కంబ్రెస్ అండ్ టోల్టెక్ అన్న పేరుతో అది నేటికీ ఆవిరితో నడుస్తున్నది. ఏటా స్వచ్ఛంద సేవకులు వచ్చి, పెట్టెలకు రంగులు వేసి, చెడిన చెక్కలు మార్చి, జీతం లేకుండా పనిచేసి పోతారు. డురాంగో-సిల్వర్టన్ దారి 1981లో ఒక ప్రైవేటు యజమాని చేతికి వచ్చి, యాత్రికుల రైలుగా వెలుగుతున్నది. ఈస్ట్ బ్రాడ్ టాప్ కథ ఇంకా ఆశ్చర్యకరం. 1956లో దానిని కొన్నవాడు పాత ఇనుము వ్యాపారి నిక్ కొవాల్చిక్. ముక్కలు చేసి అమ్ముకోవడం అతని వృత్తి. అయినా అతడు దానిని కరిగించలేదు. 1960లో కొన్ని మైళ్ల మేర యాత్రికులకోసం మళ్లీ నడిపించాడు. ఆ తరువాత కొంతకాలం ఆగినా, 2020లో ఒక లాభాపేక్షలేని సంస్థ దానిని తీసుకున్నది. 2023లో 16వ నంబరు ఇంజను మళ్లీ ఆవిరి పోసుకుంది. 1939లో పీకివేసిన జార్జిటౌన్ వంతెనను సైతం 1984లో తిరిగి కట్టారు.

ఇప్పుడు మన సీమకు వద్దాం. రియో గ్రాండ్‌కు వెండి ఎలాగో, శ్రీకాకుళం జిల్లా నౌపడకు ఉప్పు అలాగ. మద్రాసు-హౌరా మార్గంమీది ఆ స్టేషన్‌నుండి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 25 మైళ్ల దారిని పర్లాకిమిడి రాజావారు వేయించారు. వెడల్పు రెండున్నర అడుగులు. 1900లో బండి నడిచింది. 1931నాటికి దారి వంశధార లోయలో గుణుపురందాకా సాగి, మొత్తం 90 కిలోమీటర్లయింది. ఆ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగా ఉండి, చుట్టుపట్ల కొండలలోని సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రచించారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఆ ఊరు అందులో చేరినా, చిన్న రైలు రెండు రాష్ట్రాల, మూడు భాషల ప్రజలను కలుపుతూనే ఉండినది.

మన దేశంలో 1992నుండి దారులన్నిటినీ బ్రాడ్ గేజ్‌కు మార్చే పథకం నడిచింది. అందులో భాగంగా 2004లో నౌపడ-గుణుపురం చిన్న రైలు ఆగిపోయింది. అదే మార్గంలో తరువాత పెద్ద రైలు వచ్చింది. దీనిని నేను నష్టంగా మాత్రమే చెప్పను. ఆసుపత్రికీ, కళాశాలకీ, కూలికీ పోవలసిన మనిషికి బండి మారకుండా, వేగంగా పోగలగడం పెద్ద వరం. కొలరాడో దారి నిలిచినది అది ఎవరికీ నిత్యావసరం కాకపోవడంవల్ల. మన దారి మారినది అది వేలమందికి అవసరం కావడంవల్ల. అవసరంలేని దానిని దాచడం సులువు, అవసరమైన దానిని మార్చక తప్పదు. అయితే మార్చేటప్పుడు పాతదాని జ్ఞాపకాన్ని కూడా పారవేయనక్కరలేదు. రెండడుగుల డార్జిలింగ్ రైలును నడుపుతూనే కాపాడుకున్న దేశం మనది. దానికి 1999లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఈ సావనీరు చదివే కుటుంబాలలో టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి ప్రాంతాలవారు ఉన్నారు. ఆ చిన్న బండిలో బడికి వెళ్లినవారు, పెళ్లికి తరలినవారు, దానిమీద పనిచేసినవారు మీ ఇళ్లలో ఉండవచ్చు. టికెట్ ఎంత, బండి ఎక్కడెక్కడ ఆగేది, ఎక్కుడులో ఎంత మెల్లగా పోయేది, వానాకాలంలో ఏమయ్యేది, ఇవన్నీ వారిని అడిగి వ్రాసిపెట్టండి, వారి గొంతుతోనే రికార్డు చేయండి. వంద పుస్తకాలలో దొరకని సంగతులు అవి. వచ్చే వేసవి సెలవులలో పిల్లలతో కలిసి పెన్ హిల్స్ స్వామి దర్శనానికి వెళ్లినప్పుడు, పిట్స్‌బర్గ్‌కూ హారిస్‌బర్గ్‌కూ నడుమ ఉన్న ఆ ఈస్ట్ బ్రాడ్ టాప్ దారిని కూడా చూసి రండి. కరిగిపోవలసిన ఇంజను ఇప్పటికీ ఎందుకు ఊపిరి తీస్తున్నదో అక్కడి పనివారిని అడగండి. ఒక వ్యాపారి తన లాభం వదులుకున్నాడు, తరువాత కొందరు తమ సెలవుదినాలు వదులుకున్నారు. ఊరికి దూరంగా వచ్చి, ఇక్కడ మన గుడినీ మన భాషనూ నిలబెట్టుకున్న మనకు ఆ లెక్క కొత్తది కాదు.