మలీద, సత్తు, సకినం: సుల్తానాబాద్ ప్రాంత పండుగ వంటల్లో ధాన్య చరిత్ర

ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న దసరా పండుగ. ఆ రోజే పూర్వపు కరీంనగర్ జిల్లాలోని సుల్తానాబాద్ మండలం కొత్తగా ఏర్పడిన పెద్దపల్లి జిల్లాలో చేరింది. మరునాడు మొహర్రం పదో రోజు. దసరాకు ముందే సద్దుల బతుకమ్మ ముగిసింది. ఒకే వారంలో ఒకే ఊరి పొయ్యిల మీద బతుకమ్మకూ పీరీలకూ మలీద తయారైంది. చాంద్రమాన హిజ్రీ సంవత్సరం సౌరమానం కంటే దాదాపు 11 రోజులు చిన్నది కావడం వల్ల ఈ రెండు పండుగలు సుమారు 33 ఏండ్లకొకసారి ఇలా దగ్గరికి వస్తాయి. ఆ సందర్భంలో ప్రత్యక్షంగా కనిపించే విషయం మిగిలిన ఏండ్లలోనూ నిజమే: వేర్వేరు మత సంప్రదాయాలకు చెందిన రెండు పండుగలు ఒకే వంటను, ఒకే పేరును పంచుకుంటున్నాయి.

తెలంగాణ పండుగల అధ్యయనంలో పాటకు దక్కిన స్థానం వంటకు దక్కలేదు. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ మొదలుకొని బతుకమ్మ పాటల సేకరణ, వర్గీకరణ విస్తృతంగా సాగాయి. వంటను చారిత్రకాధారంగా స్వీకరించే పద్ధతికి తెలుగులో గట్టి పూర్వరంగమే ఉంది. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో కావ్యాల్లోని భోజన పదార్థాల ప్రస్తావనలను సాంఘిక చరిత్రకు సాక్ష్యాలుగా వినియోగించారు. ఆయనకు ఆధారం గ్రంథస్థ సాహిత్యం. ఈ వ్యాసం అదే ప్రశ్నను వాడుకలో ఉన్న మూడు వంటల పేర్లకు, వాటిలోని ధాన్యాలకు అన్వయిస్తుంది. సకినం, సత్తు, మలీద అనే ఈ మూడింటినీ పరిశీలిస్తే, గత అర్ధశతాబ్దిలో ఈ ప్రాంతపు నిత్యాహారమూ పండుగ ఆహారమూ తమ ధాన్యాలను పరస్పరం మార్చుకున్నాయని తెలుస్తుంది. పొలం విడిచిన ధాన్యాన్ని పండుగ నిలుపుకొన్నదన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

నేల, నీరు, ధాన్యం

నిజాం రాజ్యంలో 1905లో ఎలగందుల జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారి, జిల్లాకు ఆ పేరే స్థిరపడింది. ఆ జిల్లాలో సుల్తానాబాద్ ఒక తాలూకా. చెరువుల కింద వరి, మెట్టలో జొన్న, మక్క, సజ్జ, పెసర, నువ్వు పండే మిశ్రమ వ్యవసాయం ఈ ప్రాంతానిది. చెరువు నిండితేనే వరి. చెరువు కింద మడి ఉన్న ఇంటికే వరి. అందువల్ల అధిక సంఖ్యాకుల నిత్యాహారం జొన్నరొట్టె, గట్క, అంబలి. బియ్యపు అన్నం చుట్టాలు వచ్చిన నాటికి, పండుగ నాటికి ప్రత్యేకమైన భోజనం.

ఈ స్థితి రెండు కారణాల వల్ల మారింది. ఒకటి కాలువ. 1963లో జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడు వద్ద శంకుస్థాపన చేసిన శ్రీరామసాగర్ ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ ద్వారా గోదావరి నీరు ఈ ప్రాంతానికి చేరింది. మెట్ట మాగాణిగా మారింది. సుల్తానాబాద్ రైసు మిల్లులకు పేరుపడిన పట్టణమైంది. రెండవది చౌక ధర. 1983లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రారంభించడంతో మడి లేని ఇంటికి కూడా బియ్యం నిత్యాహారమైంది. జొన్న చేలు తగ్గాయి. జొన్నరొట్టె మొదట పేదరికానికి గుర్తుగా వెనుకబడింది. తరువాత ఆరోగ్యం పేరుతో పట్టణ భోజనశాలలకు తిరిగి వచ్చింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడం ఈ పునరాగమనానికి అధికారిక ముద్ర. మధ్యకాలంలో ఈ ధాన్యాలు పండుగ వంటలో కొనసాగడం ఇక్కడ గమనించదగినది.

సకినం: బియ్యం అపురూపమైన కాలపు వంట

సకినం సంక్రాంతి వంట. నానబెట్టిన బియ్యాన్ని పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు చేర్చి తడిపి, నేల మీద పరచిన నూలుబట్టపై వేళ్లతో మెలితిప్పుతూ వలయాలుగా చుడతారు. బట్ట తడిని పీల్చుకొని చుట్లు ఆరిన తరువాత నూనెలో కాలుస్తారు. గొట్టంలోంచి పిండిని ఒత్తే మురుకు వంటి వంటలకూ దీనికీ భేదం ఇక్కడే ఉంది. సకినానికి పనిముట్టు లేదు, చెయ్యే పనిముట్టు.

‘చకినాలు’ అనే రూపం కూడా వాడుకలో ఉంది. చద్ది–సద్ది, చల్ల–సల్ల, చక్కెర–సక్కెర వంటి జంటల్లో కనిపించే చకార సకారాల మార్పే ఇక్కడా ఉంది. కోస్తా తెలుగులోని చక్కిలం, కన్నడంలోని చక్కులి, మరాఠీలోని చక్లీ పదాలను సంస్కృత ‘శష్కులీ’ శబ్దంతో ముడిపెట్టడం నిఘంటు సంప్రదాయంలో ఉన్నదే. సకినం కూడా ఆ కుటుంబానిదే కావచ్చుననే ఊహ అసంగతం కాదు. అయితే పేరు పంచుకున్న ఈ వంటలు పద్ధతిలో వేరు. పదం ప్రయాణించినంత సులభంగా చేతిపని ప్రయాణించదు.

సంక్రాంతి నాటికి వానకాలపు వరి ఇంటికి చేరి ఉంటుంది. కొత్త బియ్యానికి అప్పటికే ఇంట ఉన్న నువ్వులు తోడవుతాయి. మకర సంక్రాంతికి నువ్వు వాడటం దక్కను అంతటా ఉన్న ఆచారం. మహారాష్ట్రలో తిళ్‌గూళ్, కర్ణాటకలో ఎళ్ళుబెల్ల నువ్వును బెల్లంతో కలుపుతాయి. ఉత్తర తెలంగాణ నువ్వును బియ్యప్పిండితో కలిపి కారపు వంటగానూ నిలుపుకొన్నది. చెరువు కింది పంట, మెట్ట పంట ఒకే చుట్టులో కలిసిన వంట ఇది. బియ్యం అరుదైన ఇంట దానిని పిండిగా మార్చి నూనెలో కాల్చడం చిన్న ఖర్చు కాదు. కొత్తగా పెళ్లయిన కూతురి అత్తవారింటికి సకినాలను గంపలకొద్దీ సారెగా పంపే ఆచారానికి ఆ నేపథ్యంలోనే అర్థం తెలుస్తుంది. సారె గంప పుట్టింటి ప్రేమతో పాటు పుట్టింటి ధాన్య స్థితిని కూడా అత్తింటి వాకిట్లో ప్రకటిస్తుంది. దానిని అత్తవారు బంధువులకు, ఇరుగుపొరుగుకు పంచుతారు గనుక ఆ ప్రకటన వాడంతటికీ చేరుతుంది. అప్పులో ఉన్న తల్లిదండ్రులకు ఇదే సారె భారం కూడా అయింది. ఆచారంలోని ఈ రెండో ముఖాన్ని విస్మరించి మొదటిదాన్నే కీర్తించడం చరిత్ర కాదు.

సత్తు, సద్ది: ఒక ధ్వని, రెండు అర్థాలు

బతుకమ్మ చివరి రోజును ‘సద్దుల బతుకమ్మ’ అంటారు. ‘సత్తుల బతుకమ్మ’ అనే వ్యవహారం కూడా వినిపిస్తుంది. వీటిని ఒకే మాటకు ఉచ్చారణ భేదాలుగా పరిగణించడం పరిపాటి. వంటను చూస్తే ఇవి రెండు వేర్వేరు పదాలని స్పష్టమవుతుంది. సద్ది అనేది చద్ది. వండి చల్లార్చి కలిపిన అన్నం. పెరుగు, చింతపండు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల పొడి కలిపిన అన్నాలు ఈ కోవలోవి. సత్తు అనేది వేయించి విసిరిన గింజల పొడి. నువ్వులు, పల్లీలు, పెసలు, మక్కలు వేయించి, పొడిచేసి, బెల్లమో చక్కెరో కలిపి చేస్తారు. ఇది సంస్కృత ‘సక్తు’కు ప్రాకృతం ద్వారా వచ్చిన రూపం, మౌక్తికం ముత్తెమైన మార్గమే ఇది. ఋగ్వేదం పదో మండలంలోని జ్ఞానసూక్తం, ధీరులు వాక్కును శోధించడాన్ని సక్తువును జల్లెడ పట్టడంతో పోల్చింది. అంత పురాతనమైన ఆహార పదం ఇప్పటికీ బతుకమ్మ తాంబాళం పక్కన డబ్బాలో ఉన్నది.

పదం పురాతనమైనా పదార్థమంతా పురాతనం కాదు. పల్లి, మక్క రెండూ అమెరికా ఖండాల పంటలు. 16వ శతాబ్ది నుంచి సాగిన సముద్ర వ్యాపారం ఫలితంగానే అవి భారతదేశంలో వ్యాపించాయి. కాబట్టి పల్లి సత్తు, మక్క సత్తు అనాది వంటలు కాలేవు. కొత్త గింజ వచ్చినప్పుడు పండుగ దానిని నిరాకరించలేదు. పాత పద్ధతిలో వేయించి, విసిరి, పాత పేరు పెట్టుకున్నది. ఇక్కడ సంప్రదాయమంటే మారని పదార్థం కాదు. మారిన పదార్థాన్ని ఇముడ్చుకున్న పద్ధతి.

పంటల క్రమం కూడా దీనికి సాక్ష్యమిస్తుంది. బతుకమ్మ భాద్రపద అమావాస్య నుంచి ఆశ్వయుజ శుద్ధ అష్టమి వరకు సాగుతుంది. అప్పటికి పెసర, నువ్వు, మక్క వంటి మెట్ట పంటలు చేతికి వస్తుంటాయి. వరి ఇంకా చేనులోనే ఉంటుంది. అప్పుడు సద్ది కలపాలంటే పాత బియ్యం నిల్వ ఉండాలి. సత్తు విసరడానికి కొత్త గింజ చాలు. నిల్వ బియ్యం ఉన్న ఇంట సద్దికి, మెట్ట రైతు ఇంట సత్తుకు ప్రాధాన్యం ఉండేదా అన్నది ఊరూరా పరిశీలించవలసిన ప్రశ్న. కాలువ వచ్చి బియ్యం అందరిదీ అయిన తరువాత రెండూ ఒకే తాంబాళంలోకి చేరడంతో ఆ భేదం చెరిగి, పదాలు కూడా కలిసిపోయాయని భావించవచ్చు.

మలీద: రెండు పండుగల ఒక వంట

మలీద తయారీ సరళం. జొన్నరొట్టెనో సజ్జరొట్టెనో వేడిగా ఉన్నప్పుడే తుంచి, బెల్లంతో కలిపి నలిపి ముద్దలు కడతారు. కలిగినవారు నెయ్యి చేరుస్తారు. పారసీకంలో ‘మాలీదన్’ అంటే రుద్దడం, నలపడం. ‘మాలీదా’ అంటే నలిపినది. అంటే వంట పేరులోనే వంట విధానం ఉన్నది. ఈ పదం ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చింది. సుల్తానాబాద్ అనే ఊరి పేరు కూడా అదే పాలనాభాష ఇచ్చినది. ఒకటి రెవెన్యూ కాగితం మీదుగా వచ్చింది. మరొకటి పొయ్యి మీదుగా.

తెలంగాణ గ్రామాల్లో పీరీల పండుగ ముస్లింలకే పరిమితం కాలేదు. హిందూ కుటుంబాలు మొక్కులు మొక్కడం, అలావా చుట్టూ ఆడటం, బెల్లపు పానకం, మలీద సమర్పించడం విస్తృతంగా కనిపించే ఆచారాలు. దక్కను మొహర్రం ఆచారాలను జాఫర్ షరీఫ్ ‘ఖానూన్-ఎ-ఇస్లాం’ (1832) వివరంగా వర్ణించింది. ఈ పండుగ హిజ్రీ పంచాంగాన్ని అనుసరించి అన్ని ఋతువుల్లోనూ తిరుగుతుంది. ఏ ఋతువులో వచ్చినా ప్రతి ఇంటా సిద్ధంగా ఉండే నైవేద్యం కావాలి. అరిసెకు కొత్త బియ్యం కావాలి. మలీదకు నిల్వ ఉన్న జొన్నపిండి, బెల్లం చాలు. పంటల కాలంతో నిమిత్తం లేని పండుగకు, పంటల కాలం కోసం ఎదురుచూడనవసరం లేని వంట తగినదైంది. పేద ఇంటి రొట్టెకు బెల్లం తోడైతే అది నైవేద్యం. ఈ సౌలభ్యమే మలీద మతాల ఎల్లలు దాటడానికి ప్రధాన కారణమని చెప్పవచ్చు.

ఈ పదం సంచారం తెలంగాణతో ఆగలేదు. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు ఏలియా ప్రవక్త పేరిట జరిపే కృతజ్ఞతా క్రతువును ‘మలీదా’ అనే పిలుస్తారు. అందులో రొట్టె స్థానంలో కొబ్బరి, చక్కెర కలిపిన అటుకులు ఉంటాయి. తీరంలో అటుకులు, దక్కను పీఠభూమిలో జొన్నరొట్టె: పేరు ఒకటే, ధాన్యం ఆయా నేలది. ముస్లింలకు, యూదులకు, బతుకమ్మ ఆడే స్త్రీలకు ఉమ్మడిగా నిలిచిన ఈ పదాన్ని ఏ ఒక్క మతానికో చెందినదిగా చెప్పడం దాని చరిత్రకు విరుద్ధం.

పట్టిక, పొట్లం, చేయి

2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఆ గుర్తింపుతో పాటు తొమ్మిది రోజుల పేర్లు, నైవేద్యాల పట్టిక పత్రికల్లో, పుస్తకాల్లో ఏటా పునర్ముద్రితమవుతున్నది. విస్మృతిలో ఉన్న పేర్లు మళ్లీ నాలుకలకు ఎక్కడం ఈ పట్టిక చేసిన మేలు. కాని అది స్థానిక భేదాలను కప్పివేస్తున్నది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోనే వేములవాడలో సద్దుల బతుకమ్మను ఏడో రోజునే జరుపుతారు. అచ్చుపట్టికలో అటువంటి భేదానికి చోటు తక్కువ. మలీద పట్టికలో ఉంటుంది. దాని పారసీక మూలం, పీరీలతో దాని బంధుత్వం పట్టికలో ఉండవు.

రెండో మార్పు తయారీలో వచ్చింది. సకినాలు చుట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. వాడలోని స్త్రీలు వంతులవారీగా ఒకరింటికి ఒకరు వెళ్లి బట్ట చుట్టూ కూర్చొని చుట్టేవారు. చుట్టు సన్నగా, సమంగా రావడం అత్తల నుంచి కోడళ్లకు, తల్లుల నుంచి కూతుళ్లకు చూపు ద్వారానే అందింది. ఇప్పుడు పిండివంటల దుకాణాలు తూకంతో అమ్ముతున్నాయి. గల్ఫ్ దేశాలకు వలసవెళ్లినవారికి సకినాల పొట్లాలు వెళుతున్నాయి. దుకాణాల్లో కూడా చుట్టేది స్త్రీల చేతులే. ఇంట వేతనం లేని పని అక్కడ కూలి అయింది. పలువురు స్త్రీలకు అది జీవనాధారం. కోల్పోయినది వంట కాదు, కలిసి కూర్చునే సందర్భం. ఆ సందర్భంలోనే వంట పదజాలం, ఎవరింటి పద్ధతి ఏమిటన్న జ్ఞాపకం కొనసాగాయి.

ముగింపు

పై పరిశీలన మూడు అంశాలను స్పష్టం చేస్తుంది. మొదటిది, కాలువకు ముందు బియ్యం పండుగది, జొన్న నిత్యానిది. కాలువ తరువాత బియ్యం నిత్యానిదై, జొన్న, సజ్జ మలీద రూపంలో పండుగవయ్యాయి. రెండవది, సత్తులోని పల్లి, మక్కలు, మలీదలోని పారసీక పదం ఈ వంటల కలయిక స్వభావాన్ని నిరూపిస్తాయి. మూడవది, సత్తు–సద్ది భేదం వంటి సాక్ష్యాలు అచ్చుపట్టికల్లో కాక గ్రామాల వాడుకలో మాత్రమే లభిస్తాయి.

కాలువకు ముందరి వంటను చేతితో ఎరిగిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్నది. వారి మాటలను ఊరు, కులం, మతం, భూమి వివరాలతో సహా నమోదు చేయడం తెలుగు శాఖలు చేపట్టవలసిన పని. పాటను సేకరించిన శ్రద్ధతోనే పాట ముగిశాక పంచే సత్తును కూడా సేకరించాలి. ఆ పొడిలో ఏ గింజ ఉన్నదన్న ప్రశ్నకు, ఆ ఇంటి చేను చరిత్రే సమాధానం.